హాలు ఖాళీ కావడానికి పట్టిన సమయం

రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళు ఉండగా, మార్చి నెల రెండో సోమవారం నాడు, బుక్కరాయసముద్రంలోని ఒక పాత వేరుశనగ మిల్లును తనిఖీ చేసి నివేదిక ఇవ్వమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను ప్రభుత్వ భవనాల విభాగంలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరును. నా కింద ఇద్దరు అసిస్టెంటు ఇంజనీర్లు ఉండేవారు. పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆయన్ను అందరం ఇ.ఇ. గారు అనేవాళ్ళం.

మిల్లులో అప్పటికి యంత్రాలు లేవు. దాని పెద్ద గోడౌనును ఒక నాటక సమాజం తీసుకుని నాటకశాలగా మార్చుకుంటోంది. జనం టికెట్టు కొని కూర్చునే ఏ హాలుకైనా లైసెన్సు ఉండాలి. లైసెన్సుకు మూడు ధ్రువపత్రాలు కావాలి. విద్యుత్తు పనులు సరిగా ఉన్నాయని ఒకటి, నిప్పు ఆర్పే ఏర్పాట్లు ఉన్నాయని ఒకటి. భవనం గట్టిగా ఉందని, ఆపద వస్తే లోపలివాళ్ళు బయటపడగలరని మేమిచ్చేది మూడోది. మొదటి రెండూ ఫైల్లో చేరాయి. మూడోది నా తనిఖీ కోసం ఆగింది.

ఆ సమాజం పుట్టింది ఆ మిల్లులోనే. పంట కాలంలో కాయలు ఒలిచే యంత్రాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగేవి. పంట అయిపోయాక మిల్లు మూతపడేది, కూలీలకు పని ఉండేది కాదు. ఆ నెలల్లో కాయలు ఆరబోసే బండల కళ్ళంలో వాళ్ళు పద్యనాటకం నేర్చుకునేవారు. అట్లా రెండు తరాలు గడిచాయి. గార్లదిన్నె నుంచి గుత్తి దాకా వాళ్ళు ఆడని ఊరు తక్కువ. తరువాత జిల్లాలో వేరుశనగ తగ్గింది, మిల్లు శాశ్వతంగా మూతపడింది. సమాజం బడి వరండాల్లోనూ, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కల్యాణమంటపాల్లోనూ తలదాచుకుంది. చివరికి మిల్లు యజమాని కొడుకు విశ్వనాథరెడ్డి గోడౌను ఇస్తానన్నాడు, ఒక షరతుతో. జూన్ నెలాఖరుకల్లా లైసెన్సు రావాలి. రాకపోతే అది టైల్స్ వ్యాపారి చేతికి పోతుంది. ఆ వ్యాపారి అప్పటికే వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళాడు.

సమాజం పెద్ద కుళ్లాయప్ప. ఆ మిల్లులోనే ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేసినవాడు. వాళ్ళ నాయన రాజు వేషాలకు పేరు పొందినవాడు. నేను మొదటిసారి వెళ్ళేసరికి గేటు మీద ‘కళాకేంద్రం’ అని బోర్డు కూడా ఉంది. లైసెన్సు రాకముందే బోర్డు ఎందుకని అడిగాను.

“పెయింటరు మా పిన్నమ్మ కొడుకు సార్. రేపు గుంతకల్లుకు పోతాండాడు. వాడు పొయ్యేలోపల రాయించుకోవల్ల కదా,” అన్నాడు. తర్వాత కాస్త ఆలోచించి, “మీకు కష్టమనిపిస్తే కేంద్రం చెరిపేస్తాంలే సార్. కళ ఉంటే చాలు,” అన్నాడు.

ఆయన ఉద్దేశం నాటకాలు ఆడటం మాత్రమే కాదు. పొద్దున పూట హార్మోనియం, చెక్కభజన, ఉరుముల వాద్యం నేర్పాలని ఉంది. ఆదివారాలు మధ్యాహ్నం నాటకం. చీకటి పడేలోగా అయిపోతే ఆడవాళ్ళు వస్తారని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సాయంత్రం బస్సు అందుకుంటారని ఆయన లెక్క.

గోడలు రాతివి, రెండడుగుల మందం. కప్పు ఇనుప ట్రస్సుల మీద రేకులు. ట్రస్సుల అతుకులు ఒక్కొక్కటే నిచ్చెన వేసి చూశాను. లోపం కనబడలేదు. ఇబ్బంది శబ్దంతో వచ్చింది. చప్పట్లు కొడితే ఆ చప్పుడు నాలుగుసార్లు తిరిగి వచ్చేది. పద్యంలో రెండో పాదం ఎత్తుకునేసరికి మొదటి పాదం గోడకు కొట్టుకుని వచ్చి దాని మీద పడేది.

హార్మోనిస్టు పేరు మస్తాన్. పద్యనాటకంలో హార్మోనిస్టు అంటే వాయించేవాడు మాత్రమే కాదు. వేషధారులకు పద్యాలు నేర్పేదీ, మరిచిపోతే అందించేదీ, శ్రుతి తప్పితే లాగి తెచ్చేదీ అతనే. కుళ్లాయప్పను మామా అని పిలిచేవాడు. “మామ ఒకసారి పాడితే నాలుగుసార్లు వినపడతాది సార్. ఇంగ వన్స్ మోర్ అడిగే పనే లేదు,” అన్నాడు నాతో. నచ్చిన పద్యాన్ని మళ్ళీ పాడమని జనం వన్స్ మోర్ అని అరవడం మా ప్రాంతంలో ఇప్పటికీ ఉంది.

“నీ పెట్టెగ్గూడ అంతే కదా అల్లుడా,” అన్నాడు కుళ్లాయప్ప. “తప్పు ఒకసారి వాయిస్తే నాలుగుసార్లు తెలుస్తాది.”

ప్రతిధ్వని పోవడానికి వాళ్ళు గోడల వెంట గోతాలు పేర్చి ఉంచారు. వాటినిండా కాయలు ఒలవగా మిగిలిన పొట్టు. శబ్దం నిజంగానే తగ్గింది. అయితే ఎండిన వేరుశనగ పొట్టు ఎట్లా మండుతుందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక గోతాన్ని కళ్ళంలోకి తెప్పించి అగ్గిపుల్ల గీశాను. నిమిషంలో బూడిద అయింది. కుళ్లాయప్ప మర్నాడు ఫోను చేసి, కంబళ్ళయితే ఎట్లా ఉంటుందని అడిగాడు. గొర్రెల కాపర్ల దగ్గర ఉండే నల్ల ఉన్ని కంబళి. దాని అంచుకూ అగ్గిపుల్ల పెట్టాను. కమిలింది, వాసన వచ్చింది, ఆరిపోయింది. ఉన్ని స్వభావం అది. పక్షం రోజుల్లో గార్లదిన్నె వైపు కాపర్ల నుంచి నూటపాతిక కంబళ్ళు అరువు తెచ్చి గోడలకు మేకులు కొట్టి వేలాడదీశారు. పద్యం స్పష్టంగా వినబడసాగింది.

మిగిలింది తలుపులు. గోడౌనుకు లారీ పట్టే ఒక పెద్ద తలుపు, ఒక చిన్న తలుపు ఉండేవి. పక్క గోడ పగలగొట్టి మూడో తలుపు పెట్టమన్నాను, పెట్టారు. మూడువందల ఎనభైమంది కూర్చునే హాలు నాలుగు నిమిషాల్లో ఖాళీ కావాలనేది నేను పాటించిన లెక్క. కాగితం మీద అవుతుంది. కానీ పాత కట్టడాన్ని మార్చిన చోట కాగితం చాలదని, మనుషులతో చేసి చూసి పట్టిన సమయం రాయమని ఇ.ఇ. గారు ఫైలు వెనక్కి పంపారు.

మే నెలలో ఒక ఆదివారం సమాజంవాళ్ళనూ వాళ్ళ కుటుంబాలనూ వందమందిని కూర్చోబెట్టాను. నేను విజిల్ వేస్తే నిప్పంటుకుందనుకుని బయటికి పోవాలని చెప్పాను. విజిల్ వేశాను. సమాజంలో ఇప్పుడు రాజు వేషాలు వేసే ఒక పెద్దాయన లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. ఇద్దరు స్పృహ తప్పి పడిపోయారు. వాళ్ళను మోయడానికి ఆరుగురు వచ్చారు. ఒకతను గుమ్మం దాకా వెళ్ళి, లోపల చిక్కుకున్న తమ్ముడి కోసం గుండెలు బాదుకుంటూ తిరిగి వచ్చాడు. తమ్ముడు ఎవరని తర్వాత అడిగితే, తనకు తమ్ముళ్ళు లేరని చెప్పాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు పట్టింది.

కుళ్లాయప్ప చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “ఎట్లుండాది సార్?”

సమయం చెప్పాను. నటించవద్దని కూడా చెప్పాను.

“నిప్పంటుకుంటే ఏడ్చకుండా ఎట్ల పోతారు సార్? మీరే చెప్పండి,” అన్నాడు.

రెండోసారి నటించలేదు. అయితే ఈసారి మర్యాదలు మొదలయ్యాయి. మీరు పొండన్నా అంటే, కాదు ముందు మీరు పొండి అంటూ గుమ్మాల దగ్గర ఆగారు. వయసు ప్రకారం వరుస కట్టారు. ఏడు నిమిషాలు. ఈ రెండు అంకెల్లో ఏదీ నేను ఫైల్లో రాయగలిగింది కాదు.

ఇ.ఇ. గారు చివరి దారి ఒకటి చూపారు. ఒక్క ఆటకు తాత్కాలిక అనుమతి ఇప్పించి, హాలు నిండుగా ఉన్నప్పుడు నేను స్వయంగా ఉండి, ఆట అయ్యాక ఖాళీ కావడానికి ఎంత పట్టిందో రాయాలి. దీని మీద నాకు నమ్మకం లేదు. నాటకం అయిపోయాక మా ఊళ్ళలో ఎవరూ వెంటనే కదలరు. వేషధారిని పలకరించాలి, తప్పులు చెప్పాలి. అయినా వేరే దారి లేక జూన్ మూడో ఆదివారం, మధ్యాహ్నం రెండున్నరకు ఆట పెట్టారు. గడువుకు పదకొండు రోజులు ఉంది.

నా భార్య సుభద్ర కూడా వచ్చింది. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు టీచరుగా చేసి అప్పటికి రెండేళ్ళుగా ఇంట్లో ఉంటోంది. మాకు మొదటి వరుసలో కుర్చీలు వేశారు. ఆమె తొమ్మిదో వరుసకు వెళ్ళి కూర్చుంది. మొదటి వరుసలో కూర్చుంటే అందరూ చూస్తుంటారని, నాటకం చూడటానికి కుదరదని అంది. నేను స్టాప్‌వాచీ, నోటుబుక్కు పట్టుకుని వెనక గోడ దగ్గర నిలబడ్డాను. హాలు నిండిపోయింది. కంబళ్ళు ఇచ్చిన కాపర్లు చాలామంది ఎవరి కంబళి కింద వాళ్ళు కూర్చున్నారు.

నాటకం పేరు ‘ఏడో బోరు’. కుళ్లాయప్పే రాశాడు. ఆరు బోర్లు ఎండిపోయిన రైతు ఏడో బోరు వేయిస్తాడు. రైతు వేషం కుళ్లాయప్పది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళ జాడ చెప్పేవాడి వేషం బస్సు కండక్టరు ఓబులేసుది. అంతకుముందు ఏడాది వానలు సరిగా పడలేదు. ఆ ఏడు జూన్ సగం గడిచినా చినుకు లేదు. కాబట్టి చూసేవాళ్ళకు వివరించాల్సింది ఏమీ లేదు. ఓబులేసు స్టేజీ చుట్టూ తిరుగుతూ ఉంటే జనం కూర్చున్నచోటు నుంచే అతనికి సలహాలు ఇచ్చారు.

“ఆడ కాదప్పా, రోంత ఉత్తరానికి జరుగు,” అన్నాడొకడు.

“ఉత్తరానికి మా పెదనాయన జరిగినాడు. ఏడు నూర్ల యాభై అడుగులకు దుమ్ము వచ్చింది,” అన్నాడు ఇంకొకడు.

నాలుగు గంటల ఇరవై రెండు నిమిషాలకు వాన మొదలైంది. ఏ మాట దగ్గర మొదలైందో బుక్కరాయసముద్రంలో ఇప్పటికీ వాదిస్తారు. నా నోటుబుక్కులో సమయం మాత్రమే ఉంది. మొదట ఎవరో రేకుల మీద కంకర పోస్తున్నారనుకున్నాను. కొన్ని క్షణాల్లో ఏమీ వినబడకుండా పోయింది. మస్తాన్ వేళ్ళు హార్మోనియం మెట్ల మీద కదులుతున్నాయి, స్వరం లేదు. కుళ్లాయప్ప ఏడో బోరు ఎండిపోయినప్పటి పద్యాన్ని చెయ్యెత్తి పాడుతున్నాడు, నోరు మాత్రమే ఆడుతోంది. పద్యం చివరిదాకా పాడి, అప్పుడు కప్పు వైపు చూశాడు.

నా పక్కన కూర్చున్న ఒక ముసలి కాపరి లేచాడు. వెనక్కి తిరిగి, గోడ మీది తన కంబళిని మేకు నుంచి తీసుకుని, తల మీద కప్పుకుని, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళాడు. అతని పక్కవాడూ అట్లాగే చేశాడు. ఆ తర్వాత హాలంతా ఒక్కసారిగా లేచింది. నేను వాచీ నొక్కాను.

ఒక్కో తలుపులో ముగ్గురేసి మనుషులు పక్కపక్కన పోయారు. ఎవరూ పడలేదు, ఎవరినీ తోయలేదు, ఎవరి వయసూ ఎవరూ అడగలేదు. నడవలేని ఒకామెను కుర్చీతో సహా తీసుకెళ్ళారు. చివరి మనిషి గుమ్మం దాటినప్పుడు వాచీ చూశాను. రెండు నిమిషాల నలభై సెకన్లు.

స్టేజీ మీద ఇద్దరే మిగిలారు. ఓబులేసు అరచేతిలో కొబ్బరికాయ ఇంకా అట్లాగే ఉంది. కుళ్లాయప్ప దిగి నా దగ్గరికి వచ్చి చెవిలో అరిచాడు. “సార్, నేనూ పోవచ్చునా?”

అభ్యంతరం లేదని చెప్పాను. నేనూ రాసుకోవాల్సింది రాసుకుని బయటికి వెళ్ళాను.

కళ్ళం నిండా జనం. ఎవరూ చూరు కింద నిలబడలేదు. ఒక రైతు గేటు పక్క మట్టిలో వేలు గుచ్చి చూస్తున్నాడు. “పదునైతాదా?” అని ఇంకొకడు అడిగాడు. విత్తనం వేయడానికి చాలినంత తడి దిగిందా అని. “ఇంగొక గంట పడల్ల,” అన్నాడు వేలు తుడుచుకోకుండానే. సుభద్ర చెప్పులు చేత్తో పట్టుకుని, కళ్ళద్దాలు తీసేసి, తలెత్తి నిలబడి ఉంది. నన్ను చూసి, “ఎంత పట్టింది?” అని అడిగింది. చెప్పాను. పెద్దగా నవ్వింది. కాసేపటికి వాన తగ్గింది. గుంపులోంచి ఎవరో “వన్స్ మోర్” అని ఆకాశం వైపు అరిచారు. అందరూ అందుకున్నారు. వాన మళ్ళీ పది నిమిషాలు పడింది. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

తడిసినవాళ్ళంతా అయిదు గంటలకు లోపలికి వచ్చారు. కాపర్లలో సగంమంది మందల దగ్గరికి వెళ్ళిపోయారు, కంబళ్ళతో సహా. గోడలు బోసిగా ఉన్నాయి.

“ఎండిపోయిన బోరు పద్యం ఇప్పుడు మళ్ళా పాడితే తంతారు అల్లుడా,” అన్నాడు కుళ్లాయప్ప, స్టేజీ మీద నీళ్ళు కారుతూ.

“పాడు మామా. కంబళ్ళు లేవు. ఎట్ల పాడినా ఎవురికీ అర్థం కాదు,” అన్నాడు మస్తాన్.

పాడాడు. ప్రతి పాదానికీ జనం నవ్వారు. మొదట ఆయన ముఖం ముడుచుకుంది. ఆ పద్యం రాయడానికి నెల పట్టిందట. మూడో పాదానికి ఆయనకూ నవ్వు ఆగలేదు. పద్యం పూర్తి కాలేదు.

మర్నాడు నివేదిక రాశాను. ‘ఖాళీ కావడానికి పట్టిన సమయం’ అన్నచోట రెండు నిమిషాల నలభై సెకన్లని రాసి, కారణం వర్షం అని చేర్చాను. ‘అన్ని వరుసలకూ స్పష్టంగా వినబడుతున్నదా’ అన్నచోట, వర్షం వల్ల ముప్పై అయిదు నిమిషాలు ఏమీ వినబడలేదని రాశాను. రాయకుండా వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఒక గడిలో వాన ఉండి, పక్క గడిలో లేకపోవడం కుదరదు.

ఇ.ఇ. గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. వినబడలేదన్న ఆ ఒక్క మాట చాలు లైసెన్సు ఆపడానికి. “ఉద్యోగమంతా ఈ జిల్లాలోనే చేశారు. రేకుల కప్పు మీద వాన పడితే చప్పుడవుతుందని మీకు తోచలేదా?” అని అడిగారు.

“తోచలేదు సార్,” అన్నాను. ట్రస్సులు చూశాను, పొట్టు కాల్చి చూశాను, కప్పు మీద గాలి ఒత్తిడి లెక్క వేశాను. వాన సంగతి నాకు గానీ, నా అసిస్టెంటు ఇంజనీర్లకు గానీ, ముప్పై ఏళ్ళు ఆ కప్పు కిందే పనిచేసిన కుళ్లాయప్పకు గానీ గుర్తు రాలేదు.

ఆయన పెన్ను మూత తీశారు. “ఈ ఫైలు నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. నాకూ తోచలేదు,” అని, ఏడాదిలోగా కప్పు కింద చప్పుడు ఆపే పలకలు వేయాలనే షరతుతో సంతకం చేశారు. జూన్ ఇరవై అయిదున లైసెన్సు వచ్చింది. విశ్వనాథరెడ్డి టైల్స్ వ్యాపారికి ఫోను చేసి వేరే చోటు చూసుకోమన్నాడు. వాన తెప్పించిన నాటకం ఆడిన చోట టైల్స్ పెడితే ఊరు ఊరుకోదని నాతో అన్నాడు. నేను సరిదిద్దలేదు.

పలకలు మరుసటి ఏడు వేశారు. తనిఖీకి వెళితే వెనక వరుసల మీది కప్పులో రెండు అంకణాలకు వేయకుండా వదిలేసి ఉంది. సరుకు చాలలేదా అని అడిగాను. అది కాదు, అంతా మూసేస్తే బయట వాన పడుతున్న సంగతి లోపలివాళ్ళకు తెలియదని జనం ఒప్పుకోలేదట. కొలిచి చూశాను. ముందు వరుసలకు పద్యం వినబడుతుంది, వెనక వరుసలకు వాన వినబడుతుంది. వాడుకునేవాళ్ళ కోరిక మేరకు అని రాసి ఆమోదించాను. వాన వస్తే ఆట ఆపుతామని టికెట్టు వెనక అచ్చు వేస్తున్నారు. ఇప్పుడు అక్కడ పొద్దున పూట అరవైమంది నేర్చుకుంటున్నారు. మస్తాన్‌కు కోపం ఎక్కువని వాళ్ళ ఫిర్యాదు.

ఈ సంగతి రాయమని సుభద్ర చాలాసార్లు చెప్పింది. రాయలేదు. ఆమె పోయి పదమూడు నెలలయింది.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. రిటైరయ్యే ముందు ఒక మండలంలో బడి భవనాన్ని తనిఖీ చేయాల్సి వచ్చింది. విజిల్ వేసి పిల్లలను బయటికి రప్పిద్దామనుకుంటున్నానని ఇంట్లో అన్నాను. “విజిల్ వేస్తే ప్రార్థనకు నిలబడినట్టు వరుసలో వస్తారు. మధ్యాహ్నం భోజనం గంట కొట్టినప్పుడు చూడండి. అదీ గుడ్డు పెట్టే రోజు,” అంది సుభద్ర. గుడ్డు పెట్టే రోజు వెళ్ళాను. గంట కొట్టగానే మెట్ల మలుపు దగ్గర పిల్లలు ఇరుక్కుపోయారు. ప్లాను కాగితం మీద సరిపోయిన మెట్లు అవి. ఇంకో వైపు మెట్లు కట్టించమని రాశాను, కట్టారు.

భవనాన్ని పరీక్షించేటప్పుడు లోపలివాళ్ళు దేనికి భయపడతారో అడగడం మాకు నేర్పారు. దేనికోసం పరుగెత్తుతారో కూడా అడగాలని నేను బుక్కరాయసముద్రంలో తెలుసుకున్నాను. రెండింటికీ తలుపు వెడల్పు ఒకటే. రెండోదాన్ని మాత్రమే నిజంగా కొలవవచ్చు. బడి నివేదికలో ఆ పద్ధతి నాదని రాసుకున్నాను. అది సుభద్రది.